నూటయాభై మీటర్లు

2020 జూన్‌లో ఒక సాయంత్రం మా ఇంటి ప్రహరీ బయట ఆరుగురు పిల్లలు కూచుని ఉన్నారు. గోడకి వీపులానించి, మోకాళ్ళ మీద ఫోన్లు పెట్టుకుని. ఆరుగురికీ కలిపి రెండే ఫోన్లు. కరోనాతో బళ్ళు మూతబడి మూడు నెలలు. పాఠాలన్నీ ఫోన్లోనే. మా పల్లెలో రీఛార్జి చేయించుకునే స్తోమత అందరికీ లేదు. మా తమ్ముడు వాళ్ళకి మా ఇంటి వైఫై పాస్‌వర్డ్ చెప్పాడట. ఆ సిగ్నలు గోడ దాటి రోడ్డు మీదికి నాలుగడుగులు పోతుంది. ఆ నాలుగడుగుల్లోనే సర్దుకుని కూచున్నారు.

"లోపలికి రావచ్చు గదమ్మా" అన్నాను. ఎనిమిదో తరగతి పిల్ల తలెత్తకుండానే చెప్పింది: "మీరు రమ్మన్లేదుగా టీచరమ్మా."

నాకు మంచినీళ్ళ బావి గుర్తొచ్చింది.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు, అంటే 1990ల నడుమ, మా మాదిగపల్లె బావిలో ఉప్పునీళ్ళు. మంచినీళ్ళ బావి ఊళ్ళో ఉండేది. మేం గట్టెక్కకూడదు. చేద ముట్టకూడదు. గట్టు కింద కడవ పెట్టుకుని నిలబడాలి. ఏ అమ్మగారికైనా దయ పుడితే పోసేది. తన చేద మా కడవకి తగలకుండా ఎత్తు నించి పోసేది. సగం నీళ్ళు మట్టిపాలు. అయినా మా అమ్మ "సల్లంగుండు తల్లీ" అని దండం పెట్టేది. నీళ్ళు పోయకపోతే వచ్చే కోపం కన్నా, పోశాక పెట్టిన ఆ దండమే నన్ను ఎక్కువ కాల్చింది.

ఇప్పుడు గట్టు కింద పిల్లలున్నారు. గట్టు మీద నేనున్నాను.

ఆ ఇల్లు ఎక్కడుందో కూడా చెప్పాలి. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. టీచరుద్యోగం వచ్చాక బ్యాంకులోను పెట్టి ఊరికీ పల్లెకీ మధ్య కొత్త ప్లాట్లలో డాబా వేశాను. పల్లెలో జాగా లేదని అందరికీ చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం మా అమ్మకి తెలుసు. అందుకే ఆమె రాలేదు. "మెట్లెక్కలేనే" అంది. పల్లెలో అంబేద్కర్ హాలు పక్కన పాత ఇంట్లోనే ఉండిపోయింది.

మా డాబా నించి హాలుకి 150 మీటర్లు. తమ్ముడు తాడేసి కొలిచాడు. ఊరికీ పల్లెకీ మధ్య దూరం ఊరు పెట్టింది. ఈ 150 మీటర్లు మాత్రం నేను పెట్టిందే.

సిగ్నల్ని హాలు దాకా తీసుకుపోదామనుకున్నాం. ముందు రౌటరుని కిటికీలో పెట్టి చూశాం. సగం దారిలో ఆగిపోయింది. స్లాబులో ఇనుపచువ్వలు తరంగాన్ని వెనక్కి కొడతాయి. నీళ్ళట్యాంకు, వానకి తడిసిన వేపాకు దాన్ని మింగేస్తాయి. తర్వాత ఒక రిపీటరు కొనుక్కొచ్చి హాల్లో పెట్టాం. అది తెలివితక్కువ పని. రిపీటరు తనకి అందినదాన్నే మళ్ళీ పంచుతుంది. నీరసంగా అందితే నీరసాన్నే పంచుతుంది. దాన్ని సిగ్నలు ఇంకా బలంగా ఉన్నచోట, నడి దారిలో పెట్టాలి. మా నడి దారిలో కరెంటూ లేదు, కప్పూ లేదు. పైగా చవకరకం రిపీటరు వినడానికీ చెప్పడానికీ ఒకే నోరు వాడుతుంది కాబట్టి వేగం సగానికి పడిపోతుంది.

కేబులు లాగుదామంటే, రాగి తీగ నెట్ కేబులు ఒకే పట్టున 100 మీటర్ల వరకే. రెండు భవనాల మధ్య ఆరుబయట రాగి తీగ ఉంటే పిడుగు పడ్డప్పుడు రెండు చోట్లా సామాను కాలిపోయే ప్రమాదం. ఫైబరుకి దూరం లెక్క లేదు, ఆ భయమూ లేదు. కానీ ఏ తీగకైనా గుంజలు పాతాలి. నడుమ ఒక ఆసామి గట్టుంది. మా శవాలు పోవడానికి దారి ఇవ్వనని తగాదా పడ్డ గట్టు అదే. మళ్ళీ ఆయన గుమ్మం ముందు నిలబడాలంటే నా ప్రాణం ఒప్పలేదు.

చివరికి రెండు డాబాల మీదా ఎదురెదురుగా రెండు చిన్న యాంటెన్నాలు బిగించాం. జత ఆరు వేల పైమాటే. ఇంట్లో రౌటరు లాంతరు లాంటిది, వెలుతురు నాలుగు దిక్కులా పోతుంది. ఇవి టార్చిలైట్లు. ఒకదానికొకటి కనపడాలి, మధ్యలో ఏదీ అడ్డం ఉండకూడదు. ఒక వేపకొమ్మ కొట్టించాం. అంతే, సిగ్నలు హాల్లో దిగింది. ఆ యాంటెన్నాలు నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో. ఆ పట్టీని మన దేశంలో 2005 నించి లైసెన్సు లేకుండా వాడుకోనిస్తున్నారు. చేనుకి పట్టా ఉంది, చెరువు మీద పెత్తనం ఉంది. గాలిలో ఈ ముక్కకి మాత్రం పట్టాదారు లేడు. ఆ గట్టు మీదుగా ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా పోయిన మొదటి వస్తువు అదే.

"టీచరమ్మ నెట్టు" అన్నారు పల్లెలో. ముసలాళ్ళు కూడా "సల్లంగుండమ్మా" అన్నారు. ఆ మాట ఎక్కడ విన్నానో నాకు గుర్తు రాలేదు. తియ్యగా ఉంది మరి.

2022లో హాల్లో కూచునే ఒక కుర్రాడు వీడియో పెట్టాడు. ఊరి హోటల్లో మావాళ్ళకి కాగితం కప్పులో, తక్కినవాళ్ళకి గాజు గ్లాసులో టీ ఇస్తున్నారని. రెండు గ్లాసుల పద్ధతి పోలేదు, కాగితం తొడుక్కుంది అన్నాడు. మర్నాడు నేను బడికి పోతుంటే ఊరి పెద్దమనిషి ఒకాయన బండి ఆపి, నవ్వుతూనే, "ఆ కుర్రాళ్ళు రాసేది మీ ఇంటి నెట్టు మీదేనంటగా టీచరు గారూ. గవర్నమెంటు ఉద్యోగం, జాగర్త" అన్నాడు.

ఆ రాత్రి నేను పాస్‌వర్డ్ మార్చేశాను.

నాకు నేను కారణాలు చెప్పుకున్నాను. కనెక్షన్ నా పేరున ఉంది, ఎవరేం రాసినా ముందు నన్నే అడుగుతారు. సర్వీసు రూల్సున్నాయి. ఇంటి లోనుంది. కంపెనీ కాగితంలో ఇంటి వాడకానికే అని రాసుంది. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. నిజాలే చెప్పుకున్నాను. ఆ నిజాల వెనక నక్కి కూచున్నాను.

మూడు రోజులు ఎవరూ ఏమీ అడగలేదు. నెట్టు ఎందుకు రావట్లేదని ఒక్క పిల్లైనా అడగలేదు. ఇచ్చినమ్మ ఆపేసింది, అంతే అనుకున్నారు. ఆ అలవాటు వాళ్ళకి ఎవరు నేర్పారో నాకు తెలుసు.

నాలుగో రోజు మా అమ్మ వచ్చింది. మొదటిసారి మా మెట్లెక్కింది. నీళ్ళిస్తే తాగలేదు. "నీళ్ళు ఆపినోళ్ళని తిట్టుకుంటా పెరిగినదాన్ని. నా కడుపున పుట్టిందే చెంబు ఎనక్కి తీసుకుద్దని అనుకోలా" అంది. ఇంకేం అనలేదు. వచ్చిన దారినే పోయింది.

మిత్రులారా, అప్పటి నించి నన్ను తినేస్తున్న ప్రశ్న ఇది. పోసే చెయ్యి మనదే అయినంత మాత్రాన దోసిలి పట్టడం పోతుందా?

మహద్ మునిసిపాలిటీ చౌదార్ చెరువు అందరిదని 1924లోనే తీర్మానం చేసింది. ఆ తీర్మానం కాగితం మీదే ఉంది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్ళు తాగాడు. ఆ రోజు ఆయన ఎవరినీ పొయ్యమని అడగలేదు. దిగి ముంచుకున్నాడు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపిన తగాదా కూడా చెరువు దగ్గరే మొదలైంది. తాగే నీళ్ళు మురికి చెయ్యొద్దన్నందుకు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా రాశారు. అక్కడ దయ అన్న మాట లేదు.

మనలో ఉద్యోగాలొచ్చినవాళ్ళం జాతికి తిరిగివ్వాలని అంటుంటాం. నేనూ మీటింగుల్లో అన్నాను. ఇప్పుడు ఆ మాట నోట్లో అడ్డం పడుతుంది. నేను నెట్టు ఇచ్చాను, నిజమే. మీట మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. నా భయం ఎప్పుడు నొక్కమంటే అప్పుడు నొక్కాను. నేను చెడ్డదాన్ని కాబట్టి అలా జరగలేదు. ఎంత మంచిదాన్నయినా జరిగేది. ఒకరి మంచితనం మీద ఆధారపడేది హక్కు కాదు.

ఆదివారం హాల్లో కూచున్నాం. పాస్‌వర్డ్ నేనే మార్చానని ఒప్పుకున్నాను. వీడియో పెట్టిన కుర్రాడు నా వంక చూడలేదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకాన్ని ఆమోదించింది. దాని కింద టీకొట్టు, కిరాణాకొట్టువాళ్ళు కూడా లైసెన్సు లేకుండా, ఫీజు కట్టకుండా జనానికి వైఫై ఇవ్వచ్చు. నేనది చెబితే, "టీకొట్టు ఇవ్వగా లేంది మన హాలెందుకు ఇవ్వకూడదు?" అంది ఇంటర్ చదివే పిల్ల. ఆ పథకం దాకా పోలేదు గానీ, ఆ మాట పని చేసింది. ఎందుకు వాడతామో కంపెనీకి చెప్పి సంఘం పేరున కనెక్షన్ తీసుకున్నారు. నెలకి పన్నుతో కలిపి 589. పన్నెండిళ్ళు, తలా 50.

ఆ పిల్లే ఇంకోటి అడిగింది. చీకటి పడితే హాలంతా మగపిల్లలే, మేమెక్కడ కూచోవాలి అని. నాకు రెండేళ్ళుగా తట్టని సంగతి అది. 150 మీటర్లు దాటించాను గానీ హాలు గుమ్మం దాటించలేకపోయాను. పాత రిపీటరు అప్పుడు పనికొచ్చింది. మా అమ్మ ఇల్లు హాలు పక్కనే గదా, సిగ్నలు బలంగా ఉంటుంది. ఇప్పుడు సాయంత్రం ఆడపిల్లలు అమ్మ అరుగు మీద కూచుంటున్నారు.

హోటల్లో కాగితం కప్పులు ఇంకా ఉన్నాయి. ఆ తగాదా హాల్లోంచే నడుస్తోంది. ఇప్పుడు దాన్ని ఆపే మీట నా దగ్గర లేదు.

డాబా మీద యాంటెన్నాలు పీకలేదు. ఆ దారిలో సిగ్నలు ఇటు నించి అటే కాదు, అటు నించి ఇటూ వస్తుంది. నేను నా కనెక్షన్ తీసేయించాను. ఇప్పుడు మా ఇంటికి నెట్టు పల్లె నించి వస్తోంది. పదమూడో ఇల్లు మాది. మొదటి నెల 50 కట్టడానికి పోయినప్పుడు, ఆ ఇంటర్ పిల్ల పుస్తకంలో నా పేరు రాసుకుని కొత్త పాస్‌వర్డ్ చెప్పింది. ఆమె నాకు దయ చూపలేదు. నేను దండం పెట్టలేదు.