గుడ్డపీలికలు తీయాలా?

"వీటిని తీసెయ్యమంటారా అమ్మా?" అని అడిగాడు హార్మోనియం బాగుచేసే పెద్దాయన. రాజమండ్రిలో ఒక ఇరుకు గదిలో, నేలమీద చాప పరిచి, మా అత్తయ్య పెట్టెని విప్పి కూర్చున్నాడు. మెట్ల పలక తీసి పక్కన పెట్టాడు. లోపలి పలకని తిరగేసి చూపించాడు. ఇత్తడి రీడ్లు వరసగా మెరుస్తూ కనిపిస్తాయనుకున్నాను. వాటి మీద తెల్లటి పాత వాయిలు గుడ్డ పీలికలు పొడుగ్గా అంటించి ఉన్నాయి. గుడ్డ పసుపుబారింది. గోటితో గీరితే అంచు దగ్గర పొడి రాలింది. ఆయన ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి, "బియ్యప్పిండి జిగురండి" అన్నాడు.

చిన్న ప్రశ్నే. పెట్టె పలకాలంటే పీలికలు తీయాలి. నేను బాగుచేయించడానికే తెచ్చాను. అయినా వెంటనే అవునని అనలేకపోయాను. నాలుగు రోజుల్లో చెబుతానని లేచి వచ్చేశాను. ఆ నాలుగు రోజుల్లో నాకు తట్టినవీ, తట్టి నన్ను ఇబ్బంది పెట్టినవీ ఇక్కడ రాస్తున్నాను.

అత్తయ్య అంటే మా నాన్నకి అక్క. మాది ఆత్రేయపురం. ఊరి పేరు చెప్పగానే ఎవరైనా పూతరేకులు తెచ్చారా అని అడుగుతారు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పత్రికల్లో కుండల ఫొటోలూ, పొట్లాల ఫొటోలూ బాగానే వచ్చాయి. కాగే కుండ వీపు మీద పిండినీళ్లలో ముంచిన గుడ్డని ఒక్క క్షణం పరిచి, చిరగకుండా రేకు ఎత్తే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. అత్తయ్య ఆ పని నలభై ఏళ్లు చేసింది. పెళ్లయి వెళ్లిన ఆరేళ్లకి ఒక ట్రంకుపెట్టెతో, ఈ హార్మోనియంతో పుట్టింటికి తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చిందో ఇంట్లో ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు. పెళ్లికి ముందు ఆమె నాటకాల పద్యాలన్నీ వాయించేదట. తిరిగొచ్చాక ఆమె వాయించగా విన్నవాళ్లు లేరు. 1998లో పోయింది. పెట్టె అటకెక్కింది.

ఈ వాయిద్యం ఎలా పలుకుతుందో తెలిస్తే తప్ప ఆ పీలికల సంగతి అర్థం కాదు. ఒక ఇత్తడి రేకు, దాని కొలతకే తొలిచిన గాడి. రేకు ఒక కొస బిగించి ఉంటుంది, రెండో కొస స్వేచ్ఛగా ఊగుతుంది. గాలి ఆ గాడిలోంచి దూసుకుపోతుంటే రేకు అదిరి స్వరం పుడుతుంది. అంతే. లండన్‌లో చార్లెస్ వీట్‌స్టన్ 1829లో పేటెంటు పొందిన పరికరం నుంచి వచ్చిన కాన్సర్టీనాకైనా, పారిస్‌లో డెబేన్ 1842లో పేటెంటు పొందిన హార్మోనియానికైనా సూత్రం ఇదే. కాన్సర్టీనాని రెండు చేతుల మధ్య పట్టుకుని తిత్తిని సాగదీస్తారు. వీట్‌స్టన్ సంస్థ పాత అమ్మకాల చిట్టాల్లో ఎంతోమంది స్త్రీల పేర్లున్నాయి. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పెద్దింటి ఆడపిల్లలు బయట ఎక్కడ వాయించినా, వాయించకపోయినా, ఇంట్లో కూర్చుని వాయించుకోవడానికి వీలైన వాయిద్యమది. కాళ్లతో తొక్కే హార్మోనియాన్ని నేలమీద కూర్చుని ఒక చేత్తో గాలి కొట్టుకునే పెట్టెగా మలిచిన పేరు కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్‌కి దక్కింది. ఆ పెట్టె మన నాటకాల వాళ్ల బళ్లెక్కి ఊరూరూ తిరిగింది.

వాయిద్యం కొత్తగా వచ్చినా, దాని మీద ఎవరి చేతులు ఉండాలన్న లెక్క పాతదే. మన దగ్గర స్థానం నరసింహారావుగారి లాంటి మగవాళ్లు స్త్రీ పాత్రలు వేసి మెప్పించిన రంగస్థలం ఉంది. కుటుంబాలకు కుటుంబాలే నాటకమాడి, స్త్రీలనే స్త్రీ పాత్రల్లో నిలిపిన సురభి కూడా ఉంది. రెండుచోట్లా హార్మోనియం వెనక కూర్చున్నది చాలావరకూ మగవాడే.

పెద్దాయన ఇంకో మాట చెప్పాడు. రీడ్ల వరసలకి వాళ్ల పనిలో పేర్లున్నాయట. మంద్రంగా పలికే వరస బాసు, దానిపైది మేలు, అంతకంటే పై స్థాయిది ఫిమేలు. అత్తయ్య పెట్టెలో రెండే వరసలున్నాయి. "మరి ఫిమేలు ఏదండీ?" అన్నాను. "మూడు వరసలది ఖరీదమ్మా. ఇళ్లకి మామూలుగా రెండు వరసలదే కొంటారు" అన్నాడు. ఆయన నవ్వలేదు. నేనే నవ్వాను, తర్వాత ఆ నవ్వు నాకే నచ్చలేదు.

ఆయన చెప్పిన మూడో మాట నన్ను పట్టుకుంది. మెట్ల కింద వేసే మెత్తటి బట్ట కొన్నిచోట్ల పూర్తిగా అరిగిపోయిందట. మెట్ల మీద వేళ్ల గుంటలు కూడా పడ్డాయి. రీడ్లు మాత్రం అంతగా వాడినట్టు లేవు. "మెట్లు వాయించినంత రీడ్లు పలకలేదండి" అన్నాడు. అంటే పీలికలు అంటించాక కూడా ఎవరో ఏళ్ల తరబడి ఆ మెట్ల మీద వేళ్లు ఆడించారు. గాలి లేకుండా, చప్పుడు లేకుండా.

బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా ఇంటికొచ్చాను. అమ్మకి ఎనభై నాలుగేళ్లు. సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మధ్యాహ్నాలు టకటకమని వినపడేది. ఎలకలనేదాన్ని" అంది.

"ఎలకలనుకున్నావా?"

"అనుకోలేదు. అనేదాన్ని."

పీలికలు ఎవరు అంటించారని అడిగాను. తాతయ్యో, నాన్నో, అత్తయ్యే తన చేతులతోనో, అమ్మకి తెలియదు. ఇక తెలిసే దారీ లేదు. నిజానికి నా చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంట్లోవాళ్లు ఆమె నోరు మూయించడానికి అంటించి ఉంటే వాటిని పీకెయ్యడం న్యాయం. ఆమే అంటించుకుని ఉంటే, అవి ఆమె వాయిద్యంలో భాగం. వినేవాళ్ల దయమీద ఆధారపడకుండా వాయించుకోవడానికి ఆమె కనిపెట్టిన ఉపాయం. దాన్ని పీకేసి "అత్తయ్య హార్మోనియాన్ని బాగుచేయించాను" అని చెప్పుకుంటే, నేను బాగుచేసింది దేన్ని?

పూర్వస్థితికి తేవడం అంటాం. ఏ పూర్వస్థితి? ఈ పెట్టెకి కనీసం మూడున్నాయి. దుకాణంలోంచి వచ్చిన రోజు స్థితి. పెళ్లికి ముందు అత్తయ్య పద్యాలు వాయించిన స్థితి. తిరిగొచ్చాక చప్పుడు లేకుండా వాయించిన స్థితి. మొదటిది బేరగాడికి ముద్దు. రెండోది నాకు ముద్దు, ఎందుకంటే అందులో సంతోషంగా ఉన్న అత్తయ్య ఉంటుంది, నేను పడాల్సిన సిగ్గు ఉండదు. మూడోది అన్నిటికంటే ఎక్కువ కాలం నడిచింది. మనం మాత్రం దాన్నే చెడిపోవడం అంటున్నాం.

స్త్రీల చరిత్రని వెలికితీసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఇక్కడ నాకు బెంగుళూరు నాగరత్నమ్మ గుర్తొచ్చింది. ముద్దుపళని 'రాధికా సాంత్వనము' అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొంత భాగం లేదని గమనించి, రాతప్రతితో సరిచూసి 1910లో మళ్లీ అచ్చు వేయించింది. ఆ కావ్యాన్ని తప్పుపట్టిన వీరేశలింగం పంతులుగారు మా గోదావరి ఒడ్డువారే. పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులుగారి చొరవతో నిషేధం తొలగి, 1952లో తిరిగి అచ్చయింది. ఈ కథని మనం తీసేసినదాన్ని తిరిగి చేర్చిన కథగా చెప్పుకుంటాం. అది నిజమే కానీ సగమే. నాగరత్నమ్మ పోయినదాన్ని గుట్టుగా అతికించి ఊరుకోలేదు. పాత అచ్చుప్రతికీ రాతప్రతికీ తేడా ఉందని పీఠికలో చెప్పింది. తప్పుపట్టినవారికి జవాబూ చెప్పింది. కావ్యంతో పాటు కోత కూడా పాఠకుల చేతికి వచ్చింది. అది లేకపోతే మనకి మంచి కావ్యం దొరికేది, దానికి జరిగింది మాత్రం తెలిసేది కాదు.

మరమ్మతు అనే మాట దగ్గర ఆడవాళ్లం జాగ్రత్తగా ఉండాలని నాకు ఎప్పటినుంచో అనుమానం. చిరిగిన చీరలు బొంతలుగా కుట్టేదీ, విరిగిన కాపురాలు అతికేదీ, మాటలు తెగిన అన్నదమ్ముల మధ్య తిరిగేదీ మనమే. ఆ నేర్పుని పొగడటం తేలిక. పొగిడి మళ్లీ ఆ పనే అప్పజెప్పడం ఇంకా తేలిక. కానీ పెద్దాయన పనిచేసే తీరు చూశాక ఒక తేడా స్పష్టమైంది. ఆయన ముందు పెట్టె విప్పుతాడు. గాలి ఎక్కడ పోతోందో చెయ్యి అడ్డం పెట్టి చూస్తాడు. ఏది చెడిందో పైకి చెబుతాడు. ఆ తర్వాతే చెయ్యి వేస్తాడు. సర్దుకుపోవడం ఇలా ఉండదు. అందులో పెట్టె విప్పరు. "ఎలకలు" అంటారు. మా ఇంట్లో అత్తయ్యని బాగానే చూసుకున్నాం, తిండికీ బట్టకీ లోటు లేదు అని నాన్న అనేవాడు. అది అబద్ధం కాదు. కానీ చెడిందని ఒప్పుకోని చోట బాగుచేయడం కూడా ఉండదు.

మొన్న మొన్నటిదాకా ఒక ఊహ నాకు ఊరటనిచ్చింది. శాశ్వతంగా మూసెయ్యాలనుకున్నవాళ్లు రీడ్లు పీకేసేవాళ్లు, లేదా వడ్రంగులు వాడే గట్టి బంక వాడేవాళ్లు. బియ్యప్పిండి జిగురు తడిగుడ్డతో అద్దితే వదులుతుంది. కాబట్టి అత్తయ్యే అంటించుకుంది, ఎప్పటికైనా తీయవచ్చని ఆశపెట్టుకుంది. ఎంత అందంగా ఉంది! కానీ ఆత్రేయపురంలో రేకులు తీసే ఇంట్లో వాయిలు గుడ్డా, పిండినీళ్లూ ఎవరి చేతికైనా అందుతాయి. మాట్లాడలేని మనిషికి మనకి నచ్చిన ధైర్యాన్ని అంటించడం కూడా ఒకరకం పీలికే. ఆమె పేరుతో మన గొంతు పలుకుతుంది.

అలాగని పెట్టెని అలాగే గాజు బీరువాలో పెట్టడమూ నాకు ఒప్పలేదు. ఆమె మౌనాన్ని భద్రపరచడం పేరుతో దాన్ని మరో యాభై ఏళ్లు పొడిగించినట్టవుతుంది. అదీగాక మౌనం ఎవరు ఎంచుకున్నారో తెలియనప్పుడు దాన్ని గౌరవిస్తున్నామని ఎలా అనగలం? ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని తన ప్రసారాల్లోకి రానివ్వలేదు. గమకం పలకదు, మన స్వరాల సూక్ష్మాలు దానికి అందవు అన్నారు. వాయిద్యానికి ఉన్న లోపం నిజమే. ఆ నిజాన్ని పట్టుకుని ముప్పై ఏళ్లు తలుపేశారు. అత్తయ్య పరిమితులు కూడా నిజమైనవే అయి ఉండొచ్చు. తలుపు మాత్రం ఎవరో ఒకరు వేశారు.

నాలుగో రోజు వెళ్లి, తీయమన్నాను. అయితే కొన్ని షరతులు పెట్టాను. పీలికలు పారెయ్యకూడదు. ఏది ఏ వరస మీద ఉందో రాసుకుంటూ తీయాలి. అరిగిన మెట్లు మార్చకూడదు. శ్రుతి సంగతి ఆయనే ఎత్తాడు. రీడు కొస దగ్గర గీరితే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీరితే తగ్గుతుంది. ఎటు గీరినా ఇత్తడి పోతుంది, పోయింది తిరిగి రాదు. "ఈనాటి శ్రుతి మీటరుకి సరిపెట్టాలంటే అన్నీ గీరాలండి. వాటిలో వాటికి పొంతన కుదిరితే చాలంటే నాలుగైదే." నాలుగైదే గీరమన్నాను. ఆమె పెట్టె ఇవాళ్టి పెట్టెలతో కలవకపోవచ్చు. తనలో తనకి పొంతన ఉంటే చాలు.

మూత లోపలివైపు అంటించడానికి ఒక కాగితం రాశాను. ఈ పెట్టె ఎవరిది, ఎప్పుడు విప్పాం, రెండు వరసల మీదా ఏం కనిపించింది, మెట్ల కింద బట్ట ఎలా అరిగింది, ఎవరు అంటించారో మాకు తెలియదు. అమ్మకి చదివి వినిపించాను. అంతా విని, "నేను విన్నానని కూడా రాయి" అంది.

రాశాను. దాని కింద, పెట్టె ఇరవై ఏళ్లకి పైగా అటక మీద ఉన్నా నేను దింపి చూడలేదని ఇంకో వాక్యం చేర్చాను. పిండి జిగురుతోనే అంటించాం.