వాడి ఫ్యాను, నా దీపం

మేం పటాన్‌చెరు వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఈ ఊళ్ళో అన్నీ తిరుగుతూనే ఉంటాయి. ఫ్యాక్టరీల్లో మిషన్లు, బొంబాయి రోడ్డు మీద లారీ చక్రాలు, వాటితోపాటు షిఫ్టుల లెక్కన మనుషులు. అవి తిరిగితేనే మా ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది. అలాంటిది, తిరిగేదాన్ని చూస్తూ కూర్చునే ఒక్క పిల్లవాణ్ణి మాత్రం మేం భరించలేకపోయాం!

మా పై వాటాలో అద్దెకుంటున్న వాళ్ళబ్బాయి. ఏడేళ్ళు. ఆటిజం ఉంది. ఫ్యాను కింద వెల్లకిలా పడుకుని రెక్కల్నే చూస్తాడు. కళ్ళ ముందు వేళ్ళు ఆడించుకుంటాడు. ఒక్కోసారి తలుపు అంచుని ఓరకంట చూసుకుంటూ అటూ ఇటూ నడుస్తాడు. "గట్ల చేతులు ఊపుకుంట ఉంటే మంది ఏమనుకుంటరు?" అని వాళ్ళ నాయనమ్మ బాధ. నిజం చెప్పొద్దూ, నేనూ ఆవిడ పక్షమే.

మొన్న వేసవిలో వాళ్ళమ్మ సంగారెడ్డిలో పనుండి వెళ్తూ వాణ్ణి రెండు గంటలు నాకప్పగించింది. ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని, వీడి చేత ఓ అలవాటు మానిపించలేనా అనుకున్నాను. వాడు చూస్తూండగానే ఫ్యాను కట్టేశాను. వెంటనే వేళ్ళాడించడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ గట్టిగా పట్టుకుని "బుద్ధిగా కూర్చో నాన్నా" అన్నాను. అంతే, విదిలించుకుని తన మణికట్టు తనే కొరుక్కున్నాడు. పంటిగాట్లు ఎర్రగా తేలాయి. హడలిపోయి వదిలేశాను, ఫ్యాను వేశాను. పావుగంటకి ఏడుపు దానంతటదే సర్దుకుంది.

వాళ్ళమ్మ వచ్చాక దాచకుండా చెప్పాను. ఆ పిల్ల నన్నొక్క మాట అనలేదు. "లోపల గాబరైతే గట్లనే చూసుకుంటడు ఆంటీ. జెరసేపటికి నిమ్మళమైతడు. ఖుషీ అయినా గంతే," అంది.

ఆ తరవాత కాస్త చదివాను. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసినప్పుడే, వస్తువుల్ని గిర్రున తిప్పి చూసి మురిసిపోయే సంగతి చెప్పాడట. 2013 నాటి అమెరికా వైద్యుల పట్టికలో వెలుతురు మీదా, కదలిక మీదా ఉండే ఈ ఆకర్షణని ఆటిజం లక్షణాల్లో చేర్చారు. మన దేశంలో 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఒకటి. చట్టం గుర్తించింది గాని, పక్కింటావిడ గుర్తించడానికే ఇన్నాళ్ళు పట్టింది!

అయితే ఏం చేసినా చూస్తూ ఊరుకోవాలా? అలా అనను. కళ్ళల్లో వేళ్ళు పొడుచుకున్నా, సూర్యుడి వంక రెప్పవాల్చకుండా చూస్తున్నా ఆపాలి, మరోదానివైపు మళ్ళించాలి, డాక్టరుకి చూపించాలి. సికిందరాబాదులో మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లోనే జాతీయ సంస్థ పెట్టారు. కానీ వాడికి గాని, ఇంకొకరికి గాని ఏ హానీ లేనిదాన్ని ఆపుతున్నామంటే, అది ఎవరి మంచికి? వాడి మంచికా, "నలుగురూ చూస్తారు" అనే మన బెంగకా? నేనా రోజు పట్టుకున్నది వాడి చేతుల్ని. కాపాడుకున్నది నా పరువుని.

ఆమాటకొస్తే మనం మాత్రం? మనసు బాగోలేనప్పుడు దేవుడి దగ్గర దీపం వంకే చూస్తూ కూర్చుంటాను. దానికి ధ్యానమని పేరు పెట్టుకున్నాను. మా వారు ఫోనులో మాట్లాడినంతసేపూ కుర్చీలో కాలూపుతూనే ఉంటారు. దానికి పేరే పెట్టలేదు. చూపుతో ఊరట వెతుక్కోవడంలో వాడిదీ నాదీ ఒకటే అవసరం కాకపోవచ్చు. వాడికది మరింత గట్టి అవసరమేమో. అందుకే మరింత గౌరవించాలి కదా.

ఇప్పుడు వాడు మా ఇంటికొస్తే ముందు ఫ్యాను వేస్తాను. మొన్నోరోజు మోకాళ్ళ నొప్పులతోనే వాడి పక్కన చాప మీద నడుం వాల్చి పైకి చూశాను. రెక్కలు మూడూ కలిసి ఒకే పల్చటి పొర అయిపోయాయి. దాని మీద కిటికీ వెలుతురు వణుకుతోంది. బాగానే ఉంది సుమండీ! వాడు నావైపు తిరగలేదు గాని, నాకు కాస్త చోటిచ్చి పక్కకి జరిగాడు.