అడక్కపోతే చెప్పాలా?

విజయవాడ ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన మెకానిక్‌ని సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి తీసుకెళ్తే ముందు ఇంజన్ జోలికి పోడు. బానెట్ ఎత్తి, ఫెండర్లు బిగించిన బోల్టుల తలలు చూస్తాడు. వాటి మీద రంగు చెదిరి పానా గీతలు కనిపిస్తే, ఆ రేకు ఎప్పుడో ఊడి మళ్లీ ఎక్కిందన్నమాట. తర్వాత తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ లాగి, లోపల స్పాట్ వెల్డింగ్ చుక్కలు వరసలో ఉన్నాయా అని చూస్తాడు. డిక్కీలో స్టెప్నీ తీసి, అడుగు రేకు ముడతలు పడిందేమోనని తడుముతాడు. రంగు మందం కొలిచే మీటరు చేతిలో ఉంటే పని ఇంకా తేలిక. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 100 నుంచి 180 మైక్రాన్లు ఉంటుంది. పుట్టీ దట్టంగా పెట్టిన చోట అంకె 500 దాటిపోతుంది. మీటరు లేనివాళ్లు గుడ్డలో చుట్టిన అయస్కాంతం ఆనిస్తారు. పుట్టీ మీద అది సరిగా అంటుకోదు.

కాగితాలూ నోరు విప్పుతాయి. క్లెయిమ్ లేకుండా గడిపిన ఓనరుకు ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. సొంత బండి డ్యామేజీకి క్లెయిమ్ చేస్తే మామూలుగా సున్నాకి పడుతుంది. ఆరేళ్ల బండి పాలసీలో ఆ గడి ఖాళీగా ఉంటే, పాలసీ మధ్యలో ఆగిందా, బండి దేన్నైనా గుద్దిందా అని అడగాల్సిందే.

ఇదంతా కొనేవాడి పాట్లు. మరి అమ్మేవాడు? అతను అబద్ధమేమీ ఆడలేదు. ‘బండి బాగుంది, నడిపి చూసుకోండి’ అన్నాడు, అంతే. అడగని సంగతి చెప్పకపోవడం మోసమవుతుందా?

ఈ తగువు కార్ల కన్నా రెండువేల ఏళ్లు పాతది. క్రీస్తుపూర్వం 44లో రోమన్ వక్త సిసిరో తన కొడుకు కోసం రాసిన నీతిగ్రంథంలో ఒక ఇల్లు అమ్మకానికి వస్తుంది. లోకులకు అది మంచి ఇల్లే. పడకగదుల్లో పాములు తిరుగుతాయని, కలప పుచ్చిందని యజమాని ఒక్కడికే తెలుసు. అతను చెప్పాలా, అక్కర్లేదా అన్న దగ్గర స్టోయిక్ గురుశిష్యులే విడిపోయారు. చట్టం చెప్పమన్నంత వరకు చెబితే చాలు, కొనమని ఎవరూ మెడమీద కత్తి పెట్టలేదు కదా అన్నది గురువు డయోజెనిస్ వాదం. తెలిసి తెలిసి ఒకణ్ణి పొరపాటులోకి పంపడం, దారి తప్పినవాడికి దారి చూపకపోవడం కన్నా ఘోరమన్నాడు శిష్యుడు యాంటిపేటర్. సిసిరో శిష్యుడి వైపే మొగ్గాడు.

మతాలు ఇంకా సూటిగా మాట్లాడాయి. హదీసుల్లో ఒక ఉదంతం ఉంది. ప్రవక్త ముహమ్మద్ బజారులో ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు సంజాయిషీ ఇచ్చుకున్నాడు. అలాంటప్పుడు తడిసింది అందరికీ కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. తడవడం వర్తకుడి తప్పు కాదు, అడుగున దాచడం తప్పు. పదమూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ మరో గీత గీశాడు. గుర్రానికి ఒక కన్ను లేకపోతే అది కనిపిస్తూనే ఉంటుంది, చెప్పక్కర్లేదు. నష్టమో ప్రమాదమో తెచ్చే దాగిన లోపం మాత్రం చెప్పి తీరాలి. ఆ లెక్కన బంపరు గీతకు, వంగిన పిల్లరును సాగదీసి రంగేసిన దానికి ఒకే పద్దు ఉండదు. మొదటిదానికి బేరంలో నాలుగు డబ్బులు తేడా వస్తుంది. రెండోది మరో యాక్సిడెంటులో లోపల కూర్చున్నవాళ్ల మీదికి వస్తుంది.

మన మార్కెట్లో పూర్తి మౌనం కన్నా ‘చిన్న టచప్ అయింది సార్’ అన్న మాటే ఎక్కువ. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ద్రోణపర్వంలో ధర్మరాజు ఏనుగన్న ముక్కను గొంతు తగ్గించి చెప్పింది ఇలాగే. అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ పూట నేలమీదికి దిగింది. వాహనానికి పడిన శిక్ష అనిపిస్తుంది కానీ, దిగింది నడిపేవాడి పరువే.

చట్టం ఇక్కడ మతాలంత కఠినంగా లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో ఒక జబ్బు గుర్రం వేలానికి వస్తుంది. అమ్మేవాడు నోరు మెదపకపోతే మోసం కాదు. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే మాత్రం చెప్పాల్సిన బాధ్యత ఉంది. పరాయివాడికో నీతి, కూతురికో నీతి! యాంటిపేటర్ వింటే ఒప్పుకునేవాడు కాదు. పైగా మౌనంతో మోసం చేసిన సందర్భంలో కూడా, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలు కొనేవాడికి ఉండిందనుకుంటే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు పోతుందని 19వ సెక్షన్ అంటుంది. గుడ్డలో చుట్టిన అయస్కాంతం మామూలు జాగ్రత్తేనా? బండ్ల బ్రోకరుకు కావచ్చు. మొదటిసారి కారు కొంటున్న బడిపంతులు దగ్గర అంత ఆశించడం అన్యాయం.

అయితే అదే 17వ సెక్షన్‌లో మూడో ఉదాహరణ పంతులుకు పనికొస్తుంది. ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగానే ఉందనుకుంటాను’ అని కొనేవాడు చెప్పాక అమ్మేవాడు ఊరుకుంటే, ఆ ఊరుకోవడమే నోటితో చెప్పినట్టు లెక్క. ఈ రోజుల్లో ఆ ముక్క అడ్వాన్సు ఇచ్చే ముందు వాట్సాప్‌లో పెట్టొచ్చు: ‘బండికి యాక్సిడెంట్ కాలేదనే నమ్మి తీసుకుంటున్నానండీ. అయ్యుంటే ఇప్పుడే చెప్పండి.’ రెండు నీలం టిక్కులు పడతాయి. అవతల ‘టైపింగ్’ అని కనిపిస్తుంది. ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ కనిపిస్తుంది.