అప్పాజీ కళ్లు

కృష్ణదేవరాయలు తాను అప్పాజీ అని పిలిచే మంత్రి తిమ్మరుసు కళ్లు నిజంగా తీయించాడా? కదిరి, హిందూపురం, పెనుకొండ వైపు పాతతరం వాళ్లను అడిగితే, జవాబు సినిమాలోంచే వస్తుంది.

1962లో కమలాకర కామేశ్వరరావు తీసిన 'మహామంత్రి తిమ్మరుసు' అది. రాయలుగా ఎన్టీ రామారావు, తిమ్మరుసుగా గుమ్మడి. వయసులో గుమ్మడే నాలుగేళ్లు చిన్న. అయినా తెర మీద ఆచితూచి మాట్లాడే ఆ మంత్రిలో రాజును పెంచిన తండ్రే కనిపిస్తాడు. రాయలంటే రామారావే అన్న ముద్ర అంతకుముందే పడింది. 1956లో బి.ఎస్. రంగా తెనాలి రామకృష్ణుడి కథను తెలుగు, తమిళాల్లో తీస్తే కవిగా ఇక్కడ అక్కినేని, అక్కడ శివాజీ గణేశన్ నటించారు. రాయలు మాత్రం రెండింట్లోనూ రామారావే. ఆ నటుణ్ణే హిందూపురం 1985, 1989, 1994లో శాసనసభకు పంపింది.

కళ్ల కథకు పాత ఆధారం ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడి రాత. అతను విజయనగరంలో ఉన్నది 1535-37 ప్రాంతంలో. రాయలు 1529లోనే కన్నుమూశాడు. కాబట్టి అతను రాసింది నగరంలో విన్న కథ. ఆ కథలో కళ్ల మాట రెండుసార్లు వస్తుంది. మరణశయ్య మీదున్న వీరనరసింహరాయలు తమ్ముడి కళ్లు తీయించమంటే, తిమ్మరుసు మేక కళ్లు తెచ్చి చూపించి కృష్ణరాయణ్ణి కాపాడాడు. ఏళ్లు గడిచాక రాయల పసికొడుకు చనిపోయాడు. విషం పెట్టారన్న నింద మంత్రి కుటుంబం మీద పడింది. రాజు తిమ్మరుసును చెరలో వేయించి, కళ్లు తీయించాడు.

పింగళి నాగేంద్రరావు రాసిన సినిమాలో అప్పాజీ నిర్దోషి. పాపమంతా కుట్రదారులది.

తెలుగువాళ్లకు ఈ కథే కావలసి వచ్చింది. 'ఆముక్తమాల్యద' రాసిన రాజును వదులుకోలేరు, ఆయన్ను గద్దె మీద నిలిపిన మంత్రినీ వదులుకోలేరు. మధ్యలో ఒక కుట్రదారు ఉంటే ఇద్దరూ దక్కుతారు. కానీ కుట్ర ఎవరిదైనా ఆజ్ఞ రాయలదే. ఆ సంగతిని సినిమా కూడా దాచలేదు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రే తీర్పు చెప్పే ప్రభువు కూడా అయ్యాడు. ఆ తీర్పును ప్రశ్నించే అధికారం రాజ్యంలో ఎవరికీ లేకపోయింది. రాయల గొప్పతనాన్ని తలచుకునేవాళ్లు ఈ ఘట్టాన్ని దాటవేస్తే, తిమ్మరుసుకు రెండోసారి అన్యాయం జరిగినట్టే.

పెనుకొండలో విజయనగర రాజుల నాటి గగన్ మహల్ ఉంది. కింద కమానులు, పైన గుడి శిఖరంలా అంచెలంచెలుగా లేచిన కట్టడం. బడిపిల్లలను అక్కడికి తీసుకెళ్లే ఉపాధ్యాయులు, తిమ్మరుసు సమాధి అని ఊరివాళ్లు చూపించే చోటికి కూడా తీసుకెళ్లాలి. నూనిజ్ విన్నదేమిటో, పింగళి రాసిందేమిటో రెండూ చెప్పాలి. పిల్లలు తప్పకుండా అడుగుతారు, అప్పాజీ తరఫున ఒక్క మాట మాట్లాడేవాళ్లు రాయల సభలో లేకపోయారా అని.