నీటిగుఱ్ఱము చేసిన నేరమేమి?



యోబు గ్రంథము 40వ అధ్యాయములో దేవుడు తన చేతిపనియని యోబునకు చూపిన మృగమును మీరెరుగుదురు. అది ఏ జంతువో పండితులు నేటికిని వాదింతురు గాని, మన తెలుగు బైబిలు నీటిగుఱ్ఱమనియే వ్రాసినది. ఆ నీటిగుఱ్ఱమును చంపవచ్చునా, కూడదా అని దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున ఏండ్ల తరబడి వాదము నడచినది.

దాని పుట్టినచోటు ఆఫ్రికా. మత్తుమందులమ్మి కోట్లు గడించిన పాబ్లో ఎస్కోబార్ అనువాడు, 1980 తరువాతి సంవత్సరములలో, వేడుక కొరకు నాలుగింటిని తెప్పించి తన తోటలో పెంచెను. 1993లో వాడు పోలీసులచేత హతుడయ్యెను. తక్కిన జంతువులను చాలవరకు వేరుచోట్లకు చేర్చిరి. వీటిని కదల్చుట కష్టమని విడిచిరి. అవి మగ్దలేనే మరియ పేరు పెట్టబడిన మగ్దలేనా నదిలోనికి దిగెను. ఆఫ్రికాలో కరవు వాటి సంఖ్యను తగ్గించును. ఇక్కడ ఏడాది పొడుగున నీరే, మేతయే. 2022 నాటికి అవి 150కి మించెను. వాటి పేడచే నీరు చెడును. వలవేయ పోవువాడు ప్రాణములు అరచేత పట్టుకొని పోవలెను.

2009లో ప్రభుత్వపు అనుమతితో ఒకదానిని కాల్చిరి. కళేబరము చుట్టు సైనికులు నిలిచి దిగిన ఫోటో బయటపడగా జనులు మండిపడిరి; న్యాయస్థానము వేటను ఆపించెను. ఆ కోపము తప్పని నేననను. చావు వేడుక కాదు. అయినను పట్టణములో కూర్చున్నవాని జాలికి ఖర్చులేదు, దాని వెల ఏటిగట్టు జాలరి చెల్లించును. మీ వేరుసెనగ చేను ఒక్కరాత్రిలో అడవిపందుల పాలైన ఉదయమున, పాపము మూగజీవములు అనుచు వచ్చిన పెద్దమనిషి మాట మీ చెవికెట్లుండును?

మృగము నిర్దోషియే. తెచ్చినవాడు దోషి, వాడు సమాధిలో నున్నాడు. మరి అవి కొద్దిగా నున్న దినములలో చేతులు ముడుచుకొన్నవారి మాటేమి? పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయుపని 2023లో పెద్దయెత్తున ఆరంభించిరి. టన్నుకు మించిన మృగమును పట్టి, మత్తిచ్చి, ఆ దళసరి చర్మమును కోయుట మన కోడెకు విత్తుకొట్టించినంత సుళువా? ఆ యేటనే 60 మృగములను మన గుజరాతుకు పంపుదుమనియు ఆలోచించిరి.

వేరుదారి లేనిచోట చంపుట పాపమని నేను చెప్పజాలను. అయితే తుపాకి పేల్చినవాని మీదనే నేరము మోపకుడి. ముప్పది యేండ్లు రేపు చూతమన్న అధికారులును, ఫోటో చూచి కోపించి మరునాడు మరచినవారును, వానితో కూడ ఆ కళేబరము నొద్ద నిలువవలెను.