మెరక పొలమునకు నీళ్లు

ధ్యానభాగము: యెహోషువ 15:13–19



పరీక్షా ఫలితములు వెలువడి, కళాశాలలలో పట్టాలు పంచు దినములు వచ్చినప్పుడు మన పామర్రు ప్రాంతపు ఇండ్లలో ఒక ప్రశ్న వినబడుచుండును. అబ్బాయి ఇంజనీరింగు ముగించెను, అమ్మాయి డిగ్రీ ప్యాసయ్యెను. ఇప్పుడు ఏమి కొనిపెట్టవలెను? గడియారమా, సెల్‌ఫోనా, మోటారు సైకిలా, ఒక కాసు బంగారమా? ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. 1843లో బందరులో రాబర్టు నోబుల్ దొర బడి తెరచిన నాటినుండి ఈ డెల్టాలో చదువున్నది; ఆ బడియే నేటి నోబుల్ కళాశాల. 2008లో అదే పట్టణమునకు కృష్ణా విశ్వవిద్యాలయము వచ్చెను. బెజవాడ వైపు పోయిన యెడల కళాశాలలకు లెక్కయే లేదు. అయినను, కౌలు పొలము చేసి, కూలికి పోయి బిడ్డను చదివించిన ఇంటికి మొదటి పట్టా వచ్చుట గొప్ప సంగతియే. ఆ దినమున బిడ్డ చేతిలో ఏదైన పెట్టవలెనని తల్లిదండ్రుల మనస్సు కొట్టుకొనును. అది ఆడంబరమని మేము తప్పు పట్టము.

పట్టభద్రుల సంగతి బైబిలులో లేదు. ఎదిగిన బిడ్డకు తండ్రి ఇచ్చిన బహుమానము సంగతి మాత్రము ఉన్నది. యెహోషువ గ్రంథములో పొలిమేరల పేర్లు, ఊళ్ల జాబితాలు చదివి విసిగినవారు దానిని చూడకయే పుట త్రిప్పివేయుదురు. ఎనుబదియైదేండ్ల వృద్ధుడైన కాలేబు తన భాగమునకు వచ్చిన హెబ్రోనును స్వాధీనపరచుకొనెను. ఆ తరువాత కిర్యత్సేఫెరును పట్టుకొనువానికి తన కుమార్తెయైన అక్సాను ఇత్తునని చెప్పగా ఒత్నీయేలు దానిని పట్టుకొనెను. (ఆ ఊరి పేరునకు పుస్తకముల పట్టణమని కొందరు పండితులు అర్థము చెప్పుదురు. పుస్తకముల పట్టణమును జయించినవాడనగానే మన పట్టభద్రులు జ్ఞాపకము వచ్చిన దోషము లేదు గాని, దానినుండి సిద్ధాంతమేదియు తీయబోము.) కాలేబు కుమార్తెకు భూమి ఇచ్చెను. అది దక్షిణ దిక్కుననున్న ఎండు భూమి. ఆమె గాడిదనెక్కి తండ్రియొద్దకు వచ్చి దిగగా ఆయన ఆమె కోరిక ఏమిటని అడిగెను. భూమి ఇచ్చితివి, నీటి మడుగులు కూడ ఇమ్మని ఆమె వేడుకొనెను. ఆయన మెరకనున్న మడుగులను, పల్లమునందలి మడుగులను రెంటిని ఇచ్చెను. కథ అంతే.

మెరక, పల్లము అను మాటలకు మన రైతునకు అర్థము చెప్పనక్కరలేదు. 1832–33 సంవత్సరములలో డొక్కల కరువు వచ్చినప్పుడు కృష్ణకు అటును ఇటును జనము ఆకలితో చచ్చిరి. నది ప్రక్కననే ఉన్నది, నేల మంచి నల్లనేల; ఆ నీటిని ఆ నేలకు త్రిప్పు మార్గము లేదు. 1855 నాటికి బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన తరువాత ఆ మట్టియే వరి పండెను. 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చెను. నేటికిని కాలువ చివర శివారు భూమి చేయువారిని అడిగి చూడుడి. నాట్ల వేళకు నీరు రాని ఎకరము ఎకరమే కాదని వారు చెప్పుదురు. అక్సా మాట వారికి వెంటనే తెలియును.

ప్రియులారా, పట్టా ఒక పొలము. మీరు కష్టపడి బిడ్డకు దానిని సంపాదించి ఇచ్చితిరి. దానికి నీరు ఎక్కడనుండి వచ్చును?

హైదరాబాదునకో బెంగుళూరునకో పనికై పోవు పిల్లవాడు మొదటి జీతము చేతికి వచ్చువరకు రెండు మూడు నెలలు గది అద్దె కట్టి, భోజనము చేయవలెను. ఆ మూడు నెలలకు చేతిలో సొమ్ములేక, ఎవరినో ఆశ్రయించి, దొరికిన పనిలో చేరి, చదివిన చదువును మరచినవారు మన సంఘములలోనే ఉన్నారు. వానికి వేలికి ఉంగరము పెట్టి రైలెక్కించుటకంటె ఆ మూడు నెలల ఖర్చు చేతికిచ్చి పంపుట మేలు. నర్సు చదువు ముగించిన అమ్మాయికి కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొను ఖర్చు, ఉపాధ్యాయ పరీక్షకు కూర్చుండు దానికి శిక్షణ రుసుము, కంప్యూటరు పని నేర్చినవానికి మంచి ల్యాప్‌టాపు: ఇవి చూచుటకు శోభగా ఉండవు. ఫొటోలో పడవు. బంధువులు వచ్చినప్పుడు చూపుటకు పనికిరావు. చదువు అప్పు బ్యాంకులో ఉన్న బిడ్డకైతే, వాయిదాలు మొదలగు వేళకు మొదటి కొన్ని కట్టుదుమని చెప్పుట ఎంత గొప్ప బహుమానమో, ఆ వాయిదాలు కట్టిన వారిని అడుగుడి.

అయితే ఇందులో ఏది మీ బిడ్డకు తగినదో మేము చెప్పలేము. కాలేబు కూడ ఊహించి ఇయ్యలేదు, అడిగెను. ఎనుబదియైదేండ్ల వయస్సు, కొండసీమను గెలిచిన అనుభవము, ఇంటి పెద్దరికము అన్నియు ఉన్నవాడు, కుమార్తె నోట ఆమె కోరికను వినుటకు చిన్నతనపడలేదు. మన ఇండ్లలో ఈ ప్రశ్నయే అరుదు. వానికేమి తెలియును, మేము చూచుకొందుమనెదము. ఇరువది రెండేండ్లు నిండినవాడు ఓటు వేయును, ఉద్యోగము చేయును, తనకు కావలసినది మాత్రము తనకు తెలియదట! సౌలు రాజు తన కవచమును దావీదునకు తొడిగించెను. అది మంచి కవచమే, రాజు ధరించునదే. అయినను కొలత సౌలుది. దావీదు నడువలేక దానిని తీసివేసెను. తాను యౌవనమున కోరి పొందలేకపోయిన వస్తువును కుమారునికి కొని తెచ్చు తండ్రి సౌలువలె చేయుచున్నాడేమో చూచుకొనవలెను. హన్నా అట్లు చేయలేదు. షిలోహులో విడిచి వచ్చిన సమూయేలునకు ఆమె ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెనని చదువుచున్నాము. గత సంవత్సరపు కొలతకు కుట్టిన అంగీ ఈ సంవత్సరము పట్టదు. బిడ్డ కండ్లెదుట లేకున్నను వాడెంత ఎదిగెనో ఆ తల్లి మనస్సులో కొలుచుకొనుచునే ఉండెను.

మోటారు సైకిలు సంగతి ఒక్కమాట చెప్పక తప్పదు, ఏలయనగా మా యొద్దకు వచ్చు తండ్రులు ఎక్కువగా అడుగునది దానినిగూర్చియే. బెజవాడనుండి బందరు పోవు 65వ జాతీయ రహదారి మన పామర్రు మీదుగనే పోవుచున్నది; గుడివాడ వైపు 165వది ఇక్కడనే చీలును. 2022వ సంవత్సరములో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరి. అందులో నూటికి 44 మంది రెండు చక్రముల బండ్లమీద పోయినవారే. పనికి పోవుటకు బండి కావలసిన యెడల కొనుడి, కాని హెల్మెటు ముందు కొని బండి తరువాత కొనుడి. పట్టా వచ్చిన సంబరమునకు, స్నేహితుల నడుమ గొప్పకు, ఎక్కువ వేగము పోవు బండి కొనియిచ్చుట మాత్రము వలదు. ఆ విషయములో మాకు రెండవ అభిప్రాయము లేదు.

అప్పు చేసి కొనునది బహుమానమగునా? నూటికి రెండు రూపాయల వడ్డీ అనగా సంవత్సరమునకు ఇరువది నాలుగు. ఆ అప్పు తీర్చునది చివరకు ఎవరు? మొదటి జీతము వచ్చిన నెలలోనే, నీ ఫోను బాకీ ఉన్నది నాయనా అని తల్లి ఫోను చేయును. బిడ్డ తన బహుమానమును తానే, వడ్డీతో సహా, కొనుక్కొనినట్లయ్యెను. దానికంటె ఇంటి అప్పుల లెక్క దాచక బిడ్డ యెదుట పెట్టి, నీ చదువునకు ఇంత అయినది, ఇందులో ఇంత మేమే తీర్చుకొందుము, ఇంత నీవు చూడగలవా అని మర్యాదగా మాటలాడుట నయము. ఎదిగిన బిడ్డను ఎదిగినవానిగా చూచుట కూడ ఇచ్చుటయే.

రొక్కపు అప్పుకంటె కఠినమైన అప్పు మరియొకటి ఉన్నది. నిన్ను చదివించుటకే మా ఎకరము పోయినదను మాట అది. ఆ మాట నిజమే కావచ్చును. అయినను బహుమానము ఇచ్చు దినమున ఆ మాట అనినచో, ఇచ్చినది బహుమానము కాక ప్రోనోటగును. బిడ్డ ఏ ఉద్యోగము చేయవలెను, ఎవరిని వివాహమాడవలెను, ఎంత పంపవలెను అను ప్రతి చోట ఆ ప్రోనోటు బయటికి వచ్చును. కాలేబు ఆ మాట అనవచ్చును. భూమి ఇచ్చితినిగదా, ఇంకేమని కసరవచ్చును. ఆయన కసరలేదు. ఆమె అడిగినది మడుగులు. ఆయన మెరకవి ఇచ్చి, పల్లపువి కూడ కలిపెను.

ఇక్కడ అడిగినది కుమార్తెయని మరువకుడి. మన ఇండ్లలో కుమారుని పట్టాకు వస్తువు కొందురు, కుమార్తె పట్టాకు బంగారము కొందురు. ఆ బంగారము ఆమె చేతికి రాదు, బీరువాలోనికి పోవును. పెండ్లినాడు లెక్కలోనికి వచ్చును. అది ఆమె చదువునకు బహుమానమా, రాబోవు పెండ్లికుమారునికి బయానాయా? కట్నమును నిషేధించు చట్టము 1961లోనే వచ్చెను. లాబాను కుమార్తెలైన రాహేలును లేయాయు, తమ తండ్రి తమను అమ్మివేసి ఆ సొమ్మును తానే తినివేసెనని వాపోయిరి (ఆదికాండము 31). మన మండలములోని నిమ్మకూరు స్వగ్రామమైన నందమూరి తారక రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగా పాలు ఇచ్చు చట్టము 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చెను. క్రైస్తవులకైతే తండ్రి వీలునామా లేక మరణించినప్పుడు కుమార్తెలకును కుమారులకును సమాన భాగమని 1925 నాటి వారసత్వ చట్టమే చెప్పుచున్నది. చట్టము ఇంత చెప్పుచుండగా, సంఘస్థులమైన మనము కుమార్తె పట్టాను పెండ్లి చీటిగా చూడరాదు. ఆమె పై చదువు కోరినయెడల ఆ బంగారమే ఆమెకు మడుగు కావచ్చును. ఆమె పేరనే, ఆమె చేతికే ఇయ్యుడి.

మేము ఎక్కువ బాధతో వ్రాయు మాట తరువాతిది. అన్న ఇంజనీరింగు చదువుటకు ఇంటరుతో చదువు మానిన చెల్లెలు ఎన్ని ఇండ్లలో లేదు? మినుము తీతకు పోయినది ఆమె, కుట్టుమిషను త్రొక్కినది ఆమె. పట్టా అన్నది, ఫోను అన్నకు. తప్పిపోయిన కుమారుని కథలో పెద్దవానిని మనము బోధలలో తేలికగా తిట్టివేయుదుము గాని, తనకు మేకపిల్లయైనను దొరకలేదని అతడు చెప్పిన మాటను ఒకమారు నిదానముగా వినవలెను. ఏండ్ల తరబడి పొలములో పనిచేసినవాడు ఇంటిలోని సంబరమును వెలుపలనుండి విన్నాడు. తండ్రి అతని యొద్దకు కూడ బయటికి వచ్చి బ్రతిమాలెను. యాకోబు అట్లు చేయలేదు. యోసేపునకు మాత్రమే అంగీ కుట్టించెను. ఆ అంగీ ఆ ఇంటికి ఎంత దుఃఖము తెచ్చెనో ఎరుగుదుము. పట్టా పొందినవానికి పదివేలు ఖర్చు పెట్టదలచినయెడల ఐదువేలే పెట్టి, మిగిలినది చదువు మానినదానికి ఇయ్యుడి. అన్నయే దానిని ఇచ్చునట్లు చేసినచో మరియు మంచిది. ఆమె మరల చదువగోరినచో సార్వత్రిక విశ్వవిద్యాలయములున్నవి. ఆమెను కూడ అడుగుడి.

పరీక్ష తప్పిన బిడ్డ మాట? స్నేహితులందరు గౌనులు తొడిగి ఫొటోలు తీయించుకొను దినమున వాడు గదిలో తలుపు వేసికొని పండుకొనియుండును. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పరీక్ష వేళకు జబ్బుపడి పట్టా లేకయే బయటికి వచ్చినవారు. తప్పిన ప్రతివాడు బిషప్పగునని మేము చెప్పము. బిషప్పు కానక్కరయు లేదు. కాని ఉంగరమును, వస్త్రమును, చెప్పులును పొందిన కుమారుడు ఏ పరీక్ష గెలిచి పొందలేదు. తప్పిన బిడ్డకు ఆ దినమున ఒక కొత్త చొక్కా కొని, వానికిష్టమైన కూర వండి, మిగిలిన పేపర్లకు రుసుము మేము కట్టుదుమని చెప్పువారు ధన్యులు. ఏ మాటయు అనకుండ చెప్పవలెను, అది కష్టము.

చివరగా, బైబిలు ఇయ్యరాదా అని కొందరడుగుదురు. తప్పక ఇయ్యుడి. అయితే అడిగిన నీటికి బదులుగా ఇయ్యకుడి. వస్త్రము లేనివానితో సమాధానముగా వెళ్లుమని చెప్పి పంపువారినిగూర్చి యాకోబు వ్రాసినది ఇంటిలోని బిడ్డకును వర్తించును. అద్దె సొమ్ముతో కలిపి బైబిలు ఇచ్చినప్పుడు అది తూకముగా ఉండును. లుస్త్రలో తిమోతి పౌలుతో బయలుదేరినప్పుడు తల్లి యునీకే మూటలో ఏమి పెట్టెనో వ్రాయబడలేదు. అవ్వయైన లోయి, తల్లి యునీకే, వీరియందుండిన విశ్వాసము వానితో పోయెనని మాత్రము వ్రాయబడెను. బాల్యమునుండి వాడెరిగిన లేఖనములును పోయెను.

బైబిలు కొనినయెడల మొదటి తెల్లకాగితమును ఖాళీగా విడువకుడి. అచ్చువేసిన చీటి అంటింపకుడి. బిడ్డ పేరు, పట్టా వచ్చిన తేదీ, పామర్రు అని ఊరి పేరు, ఇంటివారు చెప్పదలచిన ఒక మాట స్వహస్తముతో వ్రాయుడి. తల్లికి వ్రాయుట రానియెడల, ఆమె చెప్పిన మాటను చెప్పినట్లే ఇంటిలో ఎవరైనను వ్రాయవచ్చును. దిద్దవలదు. క్రింద ఆమె వేలిముద్ర చాలును.