ముందుగా ఎవరికి చెప్పాలి

‘ఉత్తమ విలన్’లో మనోరంజన్ పెద్ద సినిమా హీరో. మెదడులో కణితి ఉందనీ, ఎక్కువ కాలం బతకననీ అతనికి తెలుస్తుంది. తెలిశాక అతను వెళ్ళేది భార్య దగ్గరికి కాదు, కొడుకు దగ్గరికీ కాదు. తనని నటుణ్ణి చేసిన దర్శకుడు మార్గదర్శి దగ్గరికి వెళ్ళి, తనతో చివరిగా ఒక సినిమా తియ్యమంటాడు. అదీ నవ్వించే సినిమా కావాలంటాడు. ఈ వరసే నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. చావు కబురు ముందుగా ఎవరి చెవిన వెయ్యాలి? ఇంట్లోవాళ్ళకి చెప్పడం కన్నా గురువుకి చెప్పడం ఎందుకు తేలికైంది?

2015 మే 2న విడుదలైన తమిళ సినిమా ఇది. రాసి, మనోరంజన్‌గా నటించింది కమల్ హాసన్, దర్శకత్వం రమేశ్ అరవింద్. తెలుగులోకీ అదే పేరుతో వచ్చింది. మార్గదర్శిగా నటించినవారు కె. బాలచందర్. హీరోకి మామగారూ నిర్మాతా అయిన పూర్ణచంద్రరావుగా నటించినవారు కె. విశ్వనాథ్. బాలచందర్ ‘మరోచరిత్ర’, విశ్వనాథ్ ‘సాగర సంగమం’ చూసి పెరిగిన మనకి ఆ ఇద్దరినీ కమల్‌తో ఒకే కథలో చూడడం మామూలు సంగతి కాదు. శిష్యుడు పోబోతున్నాడని విని గురువు కుదేలైపోయే ఘట్టం ఉంది. నిజజీవితంలో గురువే ముందు వెళ్ళిపోయారు. 2014 డిసెంబర్ 23న బాలచందర్ కన్నుమూసేనాటికి సినిమా ఇంకా థియేటర్లకి రాలేదు. ఇది తెలిసి ఆ ఘట్టం చూస్తే గొంతు పట్టేస్తుంది.

కానీ నా మనసు చిక్కుకున్నది ఉత్తరాల దగ్గర. మనోరంజన్ కుర్రతనంలో యామిని అనే అమ్మాయిని ప్రేమించాడు. పెళ్ళి మాత్రం పూర్ణచంద్రరావు కూతురు వరలక్ష్మితో జరిగింది. యామినికి కూతురు పుట్టింది. ఆ సంగతి మోసుకొచ్చిన ఉత్తరం అతని చేతికి అందలేదు. అందకుండా చూసినవాడు శత్రువేం కాదు. ఏళ్ళ తరబడి నీడలా వెంట ఉండి, అన్నీ చక్కబెట్టే మేనేజరు చొక్కు చెట్టియార్. యామిని చనిపోయింది. జాకబ్ జకరియా అనే మంచిమనిషి ఆ పిల్ల మనోన్మణిని కన్నకూతురిలా పెంచాడు. కన్నతండ్రి తమని వదిలేశాడన్న కోపంతోనే ఆమె పెరిగింది. ఒక మనిషి మేలు చేస్తున్నాననుకుని దాచిన కాగితం ఇన్ని బతుకుల్ని దారి మళ్ళించింది. చొక్కు నోరు విప్పి నిజం చెప్పేటప్పుడు ఎం.ఎస్. భాస్కర్ నటన చూడండి. ఆ ముఖంలో దుర్మార్గం ఎక్కడా కనపడదు. ప్రేమ ఉంటుంది, విశ్వాసం ఉంటుంది. నాకు భయం కలిగించింది సరిగ్గా అదే.

ఇక్కడే సినిమా పైకి చెప్పని మాట ఒకటి నాకు కనిపిస్తుంది. తనకి రావలసిన ఉత్తరం దాచినందువల్ల ఇంత పోగొట్టుకున్న మనోరంజన్, తన జబ్బు సంగతిని ఇంట్లోవాళ్ళ దగ్గర అలాగే దాచాడు. వాళ్ళు తట్టుకోలేరనే అతని ఉద్దేశం. చొక్కు ఉద్దేశమూ అలాంటిదే. ఆ ఉత్తరానికీ ఈ డాక్టరు రిపోర్టుకీ తేడా ఏముంది? రెండూ ఇంకొకరి జీవితానికి సంబంధించిన కాగితాలే. రెండిటినీ ప్రేమే పెట్టెలో పెట్టి తాళం వేసింది.

మన ఇళ్ళలో ఇది రోజూ జరుగుతుంది. మా పెదనాన్నకి కడుపులో క్యాన్సరని తేలినప్పుడు ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆయనకి తప్ప. అల్సరని చెప్పారు. పొలం గట్టు దగ్గర మాటామాటా పెరిగి ఆయనకీ మా చిన్నాన్నకీ ఏళ్ళుగా మాటల్లేవు. చిన్నాన్న కబురు విని వస్తానన్నాడు. వద్దన్నారు. ‘ఇన్నాళ్ళూ గడప తొక్కనివాడు ఇప్పుడొస్తే అన్నకి అనుమానం రాదూ’ అన్నది పెద్దమ్మ వాదన. ఆ వాదనలో తప్పు వెతకడం కష్టం. అబద్ధం నిలవాలంటే తమ్ముడు రాకూడదు. అల్సరున్న మనిషి దగ్గరికి పగవాడు పరిగెత్తుకు రాడు కదా! పెదనాన్న పోయాకే చిన్నాన్న ఆ గడప తొక్కాడు.

చెబితే దిగులుతో ముందే పోతారంటారు. ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను. రాత్రంతా మంచం పక్కన కూర్చున్నవాళ్ళకే దాని బరువు తెలుస్తుంది. కాని రోగి దగ్గర మనం దాచేది జబ్బు ఒక్కటే కాదు, మిగిలిన కాలాన్ని కూడా. ఎవరిని పిలిపించుకోవాలో, ఎవరికి ఏం చెప్పాలో, ఎవరి మీద కోపం అలాగే ఉంచుకోవాలో తేల్చుకునే హక్కు ఆ కాలంలోనే ఉంది. రాజీ పడి తీరాలని నేననను. పెదనాన్న తమ్ముణ్ణి చూసి ముఖం తిప్పుకునేవాడేమో. అదైనా ఆయన తిప్పుకున్న ముఖమై ఉండేది.

రెండో వైపూ ఆలోచించాలి. చావుకి దగ్గరైన మనిషి క్షమించమని అడిగితే కాదనగలవాళ్ళెవరు? ఆ అడగడంలో బలవంతం ఉంది. మనోన్మణి విషయంలో సినిమా మర్యాదగా నడుచుకుందని నాకనిపిస్తుంది. పార్వతి ఆ పాత్రలో తేలిగ్గా కరిగిపోదు. ఎదురుగా నిలబడి నిలదీస్తుంది. ఆమె మనసు మారడంలో జాలి కన్నా, అప్పుడు ఏం జరిగిందో తెలియడానికే ఎక్కువ పాలు ఉంది. రోగం తొందరపెట్టింది, నిజం దారి చూపింది.

మార్గదర్శి తీసే ఆ లోపలి సినిమా సంగతి క్లుప్తంగా చెప్తాను. ఎనిమిదో శతాబ్దంలో చావులేనివాడని పేరుపడ్డ ఉత్తముడనే కళాకారుడు, ఆ రహస్యం కోసం ఆరాటపడే రాజు. ఆ భాగం సాగింది, హాస్యం అన్నిచోట్లా పండలేదు. అయినా తాను పోతూ చావుని వెక్కిరించే కథ ఎంచుకున్న నటుడి మొండితనం నాకిష్టం.

వరలక్ష్మికి మాత్రం అన్యాయం జరిగింది. జబ్బు సంగతి తెలిసి కుప్పకూలి, ఆమే ఆసుపత్రి మంచమెక్కుతుంది. అప్పుడు భర్త పక్కన కూర్చుని మనసు విప్పుతాడు. ఊర్వశి ఆ ఘట్టాన్ని నిలబెట్టింది. ఆ దంపతులు అంత దాపరికం లేకుండా మాట్లాడుకున్నది అప్పుడే అనిపిస్తుంది. ఆ మాటలు గురువు ఇంటికి వెళ్ళకముందే జరిగి ఉంటే ఆమెకి ఇంకొన్ని రోజులు దక్కేవి. కోప్పడడానికైనా, పోట్లాడడానికైనా.

ఇక చొక్కు ఉన్నాడు. మనోరంజన్‌కి జబ్బు ఒక గడువు పెట్టింది, ఆ గడువులోనే అతను కూతురికీ కొడుక్కీ భార్యకీ దగ్గరయ్యాడు. చొక్కుకి అలాంటి గడువేమీ లేదు. యజమాని పోయాక కూడా అతను మనోన్మణి ఎదుట పడుతూనే ఉండాలి, ఒక్కసారి ఏడ్చి చెప్పినదానికి ప్రతిసారీ జవాబుదారీగా ఉండాలి. ఆ కథ ఎవరైనా తీస్తే చూడాలని ఉంది.